ఏజెంటుకు ఈమెయిల్ అప్పగించే ముందు

కృత్రిమ మేధ రంగంలో ఏజెంట్ అంటే, అడిగిన ప్రశ్నకు జవాబు రాసి ఊరుకోకుండా, అప్పగించిన పనిని నెరవేర్చడానికి ఇతర సాఫ్ట్‌వేర్లను తానే నడిపే వ్యవస్థ. దానికి ఆధారం భాషా నమూనా. విస్తారమైన రాతను చదివి, ఇంతవరకు వచ్చిన మాటల తరువాత ఏ మాట రావడం సహజమో అంచనా వేయడం నేర్చుకున్న గణిత యంత్రాంగాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఈ నమూనా మాటలను పుట్టించగలదే గాని, తనంతట తాను ఒక్క ఉత్తరాన్నయినా పంపలేదు. పంపడానికి, వెతకడానికి, తెరిచి చదవడానికి దానికి విడివిడి సాధనాలను అందించాలి. సాంకేతికులు వీటిని టూళ్లు అంటారు. ఫలానా టూల్‌ను ఫలానా వివరాలతో నడపమని నమూనా ఒక నిర్ణీత పద్ధతిలో రాస్తే, దాన్ని చుట్టి ఉన్న ప్రోగ్రాం ఆ రాతను చదివి నిజంగా పని జరిపించి, ఫలితాన్ని తిరిగి నమూనాకు చూపిస్తుంది.

ఈ ఏర్పాటులో టూల్ గురించి నమూనాకు తెలిసేది మూడు విషయాలే: దాని పేరు, మామూలు భాషలో రాసిన వివరణ, ఇవ్వవలసిన సమాచారపు పట్టిక. ఏ గడిలో అంకె రావాలి, ఏ గడిలో అక్షరాలు రావాలి, ఏది తప్పనిసరి అన్న సంగతులను చెప్పే ఈ పట్టికను స్కీమా అంటారు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ ఫంక్షన్ కాలింగ్ పేరుతో తెచ్చిన సదుపాయంలోనూ, 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ప్రధానంగా ఈ మూడు భాగాలే కనిపిస్తాయి. టూల్ లోపల ఎంత నైపుణ్యంతో ప్రోగ్రాం రాసినా నమూనా దాన్ని చూడలేదు. కార్యాలయంలో కొత్తగా చేరిన గుమాస్తాకు సందేహం వస్తే పక్క బల్ల మీది పెద్దాయనను అడుగుతాడు. ఏజెంటుకు పక్క బల్ల ఉండదు. రాయని చోట అది ప్రపంచమంతటా ఎక్కువగా జరిగేదేదో దాన్నే నింపుకొంటుంది. ఒక ప్రాంతానికి మాత్రమే చెందిన ఒప్పందాలు, కొలతలు, సరిహద్దులు ఉన్న చోట ఆ సహజమైన అంచనాయే తప్పుదారి పట్టిస్తుంది.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతం ఈ విషయాన్ని పరిశీలించడానికి చాలా అనువైనది. ఇక్కడ ఏటా వర్షాకాలంలో గోదావరి నీటిమట్టం గురించి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల కార్యాలయాల మధ్య సమాచారం వేగంగా నడవాలి. ఆ సమాచారంలో అంకెలు, ఊర్ల పేర్లు, వేళలు, అధికారుల హోదాలు ఏవీ తారుమారు కాకూడదు. ఇటువంటి సమాచారాన్ని ఈమెయిల్ ద్వారా సంబంధిత అధికారులకు చేరవేసే పనిని ఒక ఏజెంటుకు అప్పగించినట్టు ఊహించుకుంటే, టూల్ వివరణలో ఏమేమి రాయాలో ఒక్కొక్కటిగా తేటపడుతుంది.

కొలమానం రాయని అంకె

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. నమోదైన మట్టాలలో అదే అత్యధికం. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. వార్తల్లోనూ, వ్యవహారంలోనూ ప్రజలకు తెలిసిన కొలత ఈ అడుగులే. కేంద్ర జలసంఘం మాత్రం తన వరద సూచనల్లో సముద్రమట్టం నుంచి ఎత్తును మీటర్లలో ఇస్తుంది. ఆ లెక్కలో మొదటి హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు, 1986 నాటి గరిష్ఠ మట్టం 55.66 మీటర్లు. సముద్రమట్టం నుంచి 45.72 మీటర్లంటే 150 అడుగులు. స్థానిక కొలబద్ద సున్నా సుమారు 107 అడుగుల ఎత్తున ఉన్నందువల్ల అదే మట్టం భద్రాచలంలో 43 అడుగులుగా చదవబడుతుంది.

ఈ రెండు లెక్కల్లోని అంకెలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండటమే ప్రమాదానికి మూలం. టూల్ పట్టికలో నీటిమట్టం అని మాత్రమే రాసి, అంకె వేయవలసిన గడి ఒకటి ఇచ్చి వదిలేస్తే, 44.5 అనే విలువ వచ్చినప్పుడు ఏజెంట్ దాన్ని అడుగులుగా భావించి మొదటి హెచ్చరిక దాటిందని ఉత్తరం తయారుచేయవచ్చు. అది నిజానికి సముద్రమట్టపు మీటర్లలో వచ్చిన విలువ అయితే స్థానిక కొలతలో దాదాపు 39 అడుగులే. హెచ్చరికకు ఇంకా నాలుగు అడుగుల దూరం ఉంది. తప్పు రెండో వైపుకు జరిగితే మరింత అపాయకరం. 48.77 అనే అంకెను అడుగులుగా చదివితే రెండో హెచ్చరిక ఇప్పుడే దాటినట్టు కనిపిస్తుంది, కాని వాస్తవంలో నది 53 అడుగులకు చేరి మూడో హెచ్చరిక జారీ కావలసిన వేళ అది. కొలమానాన్ని గమనించి మీటర్లను అడుగుల్లోకి మార్చే ఏజెంట్ కూడా ఇక్కడ తప్పించుకోలేదు, ఎందుకంటే 45.72ను 3.28తో గుణిస్తే 150 వస్తుంది గాని 43 రాదు. మార్పిడి సూత్రం బడి పుస్తకాల్లో ఉంటుంది; 107 అడుగుల తేడా ఆ ఊరి కొలబద్దకే చెందినది.

కాబట్టి గడి పేరులోనే కొలమానం ఉండాలి. నీటిమట్టం అనడానికి బదులు భద్రాచలం_మట్టం_అడుగులు అని పేరు పెట్టి, సముద్రమట్టపు మీటర్లకు వేరే గడి కేటాయించి, ఒకటి ఇస్తే రెండోది ప్రోగ్రామే లెక్కించేలా చేయడం ఉత్తమం. ప్రోగ్రాం నిశ్చయంగా చేయగల లెక్కను భాషా నమూనా అంచనాకు వదలకూడదన్నది టూళ్ల రూపకల్పనలో మొదటి సూత్రం.

వేళ విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఈమెయిల్ తలభాగంలో తేదీతో పాటు ఆ వేళ ప్రపంచ ప్రామాణిక కాలానికి ఎంత ముందుందో, వెనకుందో చెప్పే అంకె ఉంటుంది. భారత కాలమానానికి అది +0530. టూల్ తన ఫలితాలను ప్రామాణిక కాలంలో ఇస్తూ ఆ సంగతి చెప్పకపోతే, భద్రాచలంలో ఉదయం 6 గంటలకు తీసిన కొలత ఏజెంటుకు అర్ధరాత్రి 12.30కి తీసినట్టు కనిపిస్తుంది. నది పెరుగుతున్న రోజున అయిదున్నర గంటల తేడా ఆ కొలతను పనికిమాలినదిగా మార్చివేస్తుంది.

గుండాల అంటే ఏ గుండాల

ఈమెయిల్ టూల్‌లో అన్నిటికంటె సులువుగా కనిపించే గడి ఎవరికి అన్నది. అత్యధిక నష్టం కలిగించగలదీ అదే. ఈ ప్రాంతపు పరిపాలనా సరిహద్దులు పదేళ్లలోపే మూడుసార్లు మారాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడగా భద్రాచలం అందులో చేరింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాకూ, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాకూ వెళ్లాయి.

భాషా నమూనా చదివిన రాతలో ఈ కాలాలన్నింటికీ చెందిన పత్రాలు కలగలిసి ఉంటాయి. భద్రాచలం గురించి కలెక్టరుకు ఉత్తరం పంపమంటే అది పాత అలవాటు చొప్పున ఖమ్మం చిరునామా వెతికే అవకాశం ఉంది. కూనవరం గురించి చెబితే తెలంగాణ అధికారిని ఎంచుకోవచ్చు. శబరి నది గోదావరిలో కలిసేది కూనవరం వద్దే కనుక, ఈ పొరపాటు వల్ల అత్యవసర సమాచారం అది చేరవలసిన రాష్ట్రానికే చేరకుండా పోతుంది. ఒకే పేరు గల ఊళ్లు మరో చిక్కు. గుండాల అనే మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది, యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ ఉంది. భద్రాచలం పక్కనే ఆంధ్రప్రదేశ్ పరిధిలో గుండాల అనే ఊరు కూడా ఉంది. ఒకే ఊరికి అనేక వర్ణక్రమాలు ఉండటం ఇంకొక చిక్కు. బూర్గంపాడు, బూర్గంపహాడ్ రెండూ వాడుకలో ఉన్నాయి.

దీనికి పరిష్కారం ఏజెంటు చేతికి ఏ చిరునామా అయినా రాసే స్వేచ్ఛ ఇవ్వకపోవడమే. ముందుగా సరిచూసిన చిరునామాల జాబితా ఒకటి సిద్ధం చేసి, ప్రతి కార్యాలయానికి రాష్ట్రం, జిల్లా, మండలం, హోదా కలిసిన ఒక గుర్తింపు సంఖ్య కేటాయించి, ఏజెంట్ ఆ సంఖ్యల్లో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోగలిగేలా స్కీమాను బిగించాలి. వెతికిన పేరుకు ఒకటి కంటె ఎక్కువ ఊళ్లు దొరికితే టూల్ వాటిలో మొదటిదాన్ని ఇచ్చి ఊరుకోకుండా అన్నింటినీ జిల్లాలతో సహా చూపాలి. అటువంటప్పుడు తానుగా ఎంచుకోకుండా మనిషిని అడగాలని వివరణలో ఏజెంటుకు స్పష్టంగా చెప్పాలి.

250 అనే జవాబు చెప్పేదెంత

చిరునామా సరైనదైనా ఉత్తరం చేరిందో లేదో తేల్చుకోవడం వేరే సంగతి; దానికి ఈమెయిల్ నడిచే తీరు తెలియాలి. ఇంజినీరు రే టామ్లిన్‌సన్ 1971లో రెండు కంప్యూటర్ల మధ్య తొలి ఉత్తరాన్ని పంపి, వ్యక్తి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య అట్ గుర్తును వాడాడు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రంలో ఉత్తరాలు ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు చేరే పద్ధతిని నిర్వచించాడు. సింపుల్ మెయిల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, పొట్టిగా ఎస్‌ఎమ్‌టీపీ అనే ఆ పద్ధతే సవరణలతో నేటికీ నడుస్తున్నది. ఇందులో ప్రతి అడుగుకూ అవతలి సర్వరు మూడంకెల జవాబు ఇస్తుంది. 2తో మొదలైతే అంగీకారం, 4తో మొదలైతే తాత్కాలిక ఆటంకం, 5తో మొదలైతే శాశ్వత నిరాకరణ.

ఉత్తరాన్ని అందుకున్న తరువాత వచ్చే 250 అనే జవాబు, దాన్ని చేరవేసే బాధ్యతను అవతలి సర్వరు తీసుకున్నదని మాత్రమే చెబుతుంది. ఉత్తరం పెట్టెలో పడిందని గాని, స్పామ్‌లోకి వెళ్లలేదని గాని, అధికారి చదివాడని గాని అది చెప్పదు. టూల్ ఈ జవాబును విజయవంతం అనే ఒక్క మాటగా మార్చి ఏజెంటుకు అందిస్తే, ఏజెంట్ తన నివేదికలో హెచ్చరిక అందజేయబడింది అని నిశ్చింతగా రాస్తుంది. అందువల్ల టూల్ తిరిగి ఇచ్చే ఫలితంలో సర్వరు స్వీకరించింది, చేరినట్టు ఆధారం లేదు, చదివినట్టు ఆధారం లేదు అన్న మూడు స్థితులను విడివిడిగా పేర్కొనాలి.

తాత్కాలిక ఆటంకం విషయంలో ఇంకొక సూక్ష్మం ఉంది. ఈమెయిల్‌ను తీరికగా నడిచే సమాచారం కోసం రూపొందించారు. దారి తెరుచుకోకపోతే మధ్యలోని సర్వరు కనీసం 30 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలనీ, సాధారణంగా నాలుగైదు రోజుల దాకా విడిచిపెట్టకూడదనీ 2008 నాటి సవరించిన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది. ఈ ఓపిక మామూలు ఉత్తరాలకు వరమే, వరద కబురుకు మాత్రం సరిపోదు. నాలుగు రోజుల తరువాత చేరిన మూడో ప్రమాద హెచ్చరిక, అప్పటికి నది తగ్గిపోయి ఉంటే, కొత్త గందరగోళానికి దారితీస్తుంది. కాబట్టి ఈ టూల్ అత్యవసర హెచ్చరికలకు ఏకైక మార్గం కాదనీ, ఫోను ద్వారా నిర్ధారణ అవసరమనీ వివరణలో మొదటి వాక్యాల్లోనే ఉండాలి. ఒక టూల్ ఏమి చేయదో చెప్పే వాక్యం, ఏమి చేస్తుందో చెప్పే వాక్యమంత ముఖ్యమైనది.

జవాబు రాకముందే నెట్‌వర్కు తెగిపోయే సందర్భం అడవి అంచు ప్రాంతాల్లో సాధారణం. అప్పుడు ఉత్తరం వెళ్లిందో లేదో ఏజెంటుకు తెలియదు. మళ్లీ పంపితే అదే హెచ్చరిక రెండుసార్లు చేరి, నది మరోసారి పెరిగిందన్న భ్రమ కలిగించవచ్చు. దీన్ని నివారించడానికి ప్రతి ఉత్తరానికి ముందుగానే ఒక విశిష్ట సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన అభ్యర్థనను టూల్ పాతదిగానే గుర్తించే ఏర్పాటు చేస్తారు. ఎన్నిసార్లు పిలిచినా ఒక్కసారి చేసినంత ఫలితమే కలిగే ఈ గుణం తన టూల్‌కు ఉందా లేదా అన్నది వివరణ రచయిత తప్పక రాయవలసిన సంగతి.

తెలుగు అక్షరాలు, జోడింపులు

తొలినాటి ఈమెయిల్ ఇంగ్లిషు అక్షరాలకే పరిమితం. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఇతర లిపులకూ, ఫొటోలకూ, పత్రాలకూ దారి తెరిచింది. 2012లో చిరునామాలోనే తెలుగు వంటి లిపులను వాడటానికి ప్రమాణాలు వెలువడ్డాయి. అయినా అన్ని సర్వర్లూ వాటిని అంగీకరించవు గనుక, తెలుగు లిపిలోని చిరునామాలను టూల్ స్వీకరిస్తుందో లేదో చెప్పాలి. యూనికోడ్‌ను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. పరిమితిని అక్షరాల్లో చెప్పి, లోపల బైట్లలో లెక్కించే టూల్ తెలుగు శీర్షికను మధ్యలో తెగ్గోస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పత్రాలు యూనికోడ్‌లో ఉండవు కనుక, వాటి నుంచి తీసిన పాఠం ఏజెంటుకు అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది; అటువంటిది ఎదురైతే ఊహించి పూరించకుండా ఆగమని చెప్పడం అవసరం. జోడించిన ఫైళ్లు ప్రయాణం కోసం బేస్64 అనే రూపంలోకి మారినప్పుడు పరిమాణం దాదాపు మూడో వంతు పెరుగుతుందన్న విషయం కూడా పరిమితిని చెప్పే చోటే ఉండాలి.

ఉత్తరంలో దాగిన ఆదేశం

ఈమెయిల్ టూల్‌కు చాలా ఇతర టూళ్లకు లేని ప్రమాదం ఒకటి ఉంది: చిరునామా తెలిసిన ఎవరైనా ఏజెంట్ చదివే పెట్టెలోకి రాతను పంపగలరు. పాత సూచనలను పక్కన పెట్టి ముంపు గ్రామాల లబ్ధిదారుల జాబితాను ఫలానా చిరునామాకు పంపమని ఒక ఉత్తరంలో రాసి ఉంటే, నమూనా దాన్ని తన యజమాని ఆదేశంగా పొరబడవచ్చు. ఈ రకపు దాడికి 2022 సెప్టెంబరులో ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టాడు. రహస్య సమాచారం చూసే వీలు, అపరిచితుల రాతను చదివే అవసరం, బయటికి పంపే శక్తి, ఈ మూడూ ఒకే ఏజెంటు చేతిలో పడటం అత్యంత ప్రమాదకరమని ఆయన 2025లో హెచ్చరించాడు. ఈమెయిల్ ఒక్కటే ఆ మూడింటినీ సమకూరుస్తుంది. అదే ఏడాది జూన్‌లో వెల్లడైన ఎకోలీక్ అనే లోపం, వాడుకరి ఏ లింకూ నొక్కకుండానే, ఒక ఉత్తరం ద్వారా మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ నుంచి సమాచారాన్ని రాబట్టే అవకాశం ఉందని చూపింది. సంస్థ దాన్ని సరిదిద్దింది.

ఉత్తరాల్లోని పాఠం సమాచారమే గాని ఆదేశం కాదని వివరణలో రాయడం మేలు చేస్తుంది, కాని ఆ వాక్యం ఒక్కటే రక్షణ కాదు. నమూనా దాన్ని ఎప్పుడూ పాటిస్తుందన్న హామీ లేదు కనుక, చదివే టూల్‌ను, చిత్తుప్రతి తయారుచేసే టూల్‌ను, పంపే టూల్‌ను వేరుచేసి, పంపడానికి మనిషి ఆమోదం ప్రోగ్రాం స్థాయిలోనే తప్పనిసరి చేయాలి. ఒక టూల్ చదవడానికి మాత్రమే పనికొస్తుందా, తిరిగి సరిదిద్దలేని మార్పు చేస్తుందా అన్న గుర్తులను చేర్చే వీలు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఉంది. అవి సూచనలే తప్ప తాళాలు కావని, నమ్మకం లేని సర్వరు ఇచ్చిన గుర్తులను నమ్మకూడదని ఆ ప్రమాణమే చెబుతుంది.

వివరణ ఎలా ఉండాలి

ఈమెయిల్ పంపుతుంది అనే రెండు మాటల వివరణ పైన చెప్పిన ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబివ్వదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "ఈ టూల్ వరద సమాచార ఉత్తరానికి చిత్తుప్రతిని తయారుచేసి భద్రపరుస్తుంది, పంపదు. కొత్త కొలత వచ్చినప్పుడు మాత్రమే వాడాలి. ప్రజలకు నేరుగా హెచ్చరిక ఇవ్వడానికి వాడరాదు. మట్టాన్ని భద్రాచలం కొలబద్ద అడుగుల్లో ఇవ్వాలి. మూలంలో మీటర్లు ఉంటే మార్పిడి టూల్‌ను ముందుగా పిలవాలి. కొలత తీసిన వేళను భారత కాలమానంలో, 24 గంటల పద్ధతిలో ఇవ్వాలి. గ్రహీతను కార్యాలయ గుర్తింపు సంఖ్యతోనే సూచించాలి. ఒకే పేరుతో రెండు కార్యాలయాలు దొరికితే ఆగి అధికారిని అడగాలి. ఫలితంగా చిత్తుప్రతి సంఖ్య వస్తుంది. అది ఉత్తరం వెళ్లినట్టు రుజువు కాదు."

ఇందులోని ప్రతి వాక్యం ఒక నిర్దిష్టమైన తప్పును అడ్డుకోవడానికే ఉంది. పంపే టూల్‌కు రాసే వివరణలో దోషాల భాగాన్ని కూడా ఇదే విధంగా చేర్చాలి. 550 వస్తే అవతలి సర్వరు శాశ్వతంగా నిరాకరించినట్టు, తిరిగి ప్రయత్నించరాదు, అధికారికి తెలపాలి. 451 వస్తే ఆటంకం తాత్కాలికం, పంపే వైపు సర్వరే మళ్లీ ప్రయత్నిస్తుంది, కొత్త ఉత్తరం సృష్టించరాదు అని రాస్తే ఏజెంటుకు తరువాతి అడుగు తెలుస్తుంది. దోషం సంభవించింది అన్న సందేశం మాత్రమే వస్తే అది అదే పనిని పదేపదే చేస్తూ పోవచ్చు. అలాగని వివరణను అంతులేకుండా పెంచడం కూడా మంచిది కాదు. నమూనా ఒకేసారి దృష్టిలో ఉంచుకోగల పాఠానికి పరిమితి ఉన్నందున, ప్రతి టూల్ వివరణా ఆ స్థలంలో వాటా తీసుకొంటుంది. ఏజెంట్ నిర్ణయాన్ని మార్చని వాక్యాన్ని తొలగించడమే దీనికి కొలత.

రాసిన వివరణను పరీక్షించకుండా వాడుకలో పెట్టకూడదు. మట్టం 44.5 అని మాత్రమే చెప్పి, గుండాలకు కబురు పంపమని చెప్పి, ఫలితంగా 451 ఇచ్చి, దొంగ ఆదేశం ఉన్న ఉత్తరం చదివించి ఏజెంట్ ఏమి చేస్తుందో చూడాలి. నమూనా ఒకే ప్రశ్నకు ప్రతిసారీ ఒకేలా స్పందించదు కనుక ప్రతి పరీక్షను అనేకసార్లు జరపాలి. తప్పు జరిగినప్పుడు నమూనాను నిందించే ముందు, ఆ తప్పు చేయకుండా ఉండటానికి అవసరమైన సమాచారం వివరణలో ఉందా అని చూసుకోవాలి. జిల్లా హద్దులు, చిరునామాలు మారినప్పుడల్లా వివరణ కూడా మారాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదు కావాలి.

కొలబద్ద సున్నా ఎక్కడుందో, ఏ మండలం ఏ జిల్లాలో ఉందో, ఏ అధికారికి ఏ వేళ ఫోను చేయాలో ఆ ప్రాంతపు సిబ్బందికి తెలిసినంతగా టూల్ అమ్మే సంస్థకు తెలియదు. ఇటువంటి వ్యవస్థలను కొనుగోలు చేసే కార్యాలయాలు ధరను, వేగాన్ని అడిగే ముందు టూళ్ల వివరణ పత్రాన్ని అడిగి తెచ్చుకొని, నదీ మట్టాలను నమోదు చేసే ఉద్యోగి చేతా, తహసీల్దారు కార్యాలయ సిబ్బంది చేతా దాన్ని వాక్యం వాక్యం చదివించి సరిచేయించాలి. ఆ దిద్దుబాటు పూర్తయ్యేదాకా ఏజెంటుకు చిత్తుప్రతి రాసే అధికారాన్ని మించి ఇవ్వకూడదు.